గోళ్ళు గుంటలు పడ్డాయి: రక్తహీనతకు అసలు కారణం దొరికే వరకు నా అనుభవం

2024 మే నెల చివర్లో నా రెండు బొటనవేళ్ళ గోళ్ళు మధ్యలో లోపలికి దిగి, అంచులు పైకి లేవడం మొదలైంది. దానికి అసలు కారణం బయటపడేసరికి జూలై మూడో వారం వచ్చింది. గోళ్ళు మళ్ళీ మామూలుగా పెరిగి పూర్తయ్యేసరికి 2025 జనవరి అయింది. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి 2023లో పదవీ విరమణ చేశాను. వయసు అరవై రెండు. నర్సంపేట దగ్గర, పాఖాల ఆయకట్టు కింద ఉన్న మా ఊళ్ళో రెండెకరాల వరి, అరెకరం కూరగాయలు సాగు చేస్తూ ఉన్నాను. ఈ వ్యవహారంలో ఎక్కడ ఎంత కాలం పడుతుందో, దేనికి ఎంత ఖర్చవుతుందో, ఏ మాట ఎప్పుడు అడగాలో నాకు ముందుగా చెప్పినవారు లేరు కనుక, జరిగినది జరిగినట్లు వరుసగా రాస్తున్నాను.

మొదట గోళ్ళు పలచబడ్డాయి. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటే పోగులు గోటి అంచుకు తగులుకునేవి. యూరియా బస్తా మూతి కుట్టు విప్పబోతే గోరు వెనక్కి మడతపడి చీలేది. కొద్ది రోజులకే బొటనవేళ్ళతో పాటు చూపుడువేళ్ళ గోళ్ళు కూడా గుంటలు పడ్డాయి. నొప్పి లేదు, చీము లేదు, రంగు మాత్రం వెలిసినట్లు ఉండేది. అదే సమయంలో డాబా మెట్లు ఎక్కితే ఆయాసం రావడం, మధ్యాహ్నం కాగానే కాళ్ళు బరువెక్కడం కూడా ఉన్నాయి. వాటిని నేను ఎండాకాలం ఖాతాలో, వయసు ఖాతాలో వేసుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది, ఎవరికీ చెప్పుకోలేదు. పచ్చి బియ్యం నమలాలని విపరీతంగా అనిపించేది. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా గుప్పెడు బియ్యం జేబులో పోసుకొని, పొలం గట్టు మీద కూర్చుని బుక్కేవాణ్ణి. చిన్నపిల్లలు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు బియ్యం బుక్కుతారని విన్నాను గాని, ఈ వయసులో నాకెందుకు ఆ యావ పుట్టిందో అర్థం కాక సిగ్గుపడేవాణ్ణి.

మా ఊరి మందుల దుకాణంలో గోళ్ళు చూపిస్తే ఫంగస్ అని చెప్పి నూట ఎనభై రూపాయల మలాం ఇచ్చారు. పది రోజులు రాసినా మార్పు లేదు. ఊళ్ళోని ఆర్ఎంపీ "సారూ, కాల్షియం తక్కువైంది" అని మాత్రలు రాసి, నీరసానికి ఒక సెలైన్ సీసా ఎక్కించి ఆరు వందలు తీసుకున్నాడు. సెలైన్ ఎక్కిన పూట కొంత హుషారుగా ఉండి, మరునాడు షరా మామూలే.

జూన్ 11న మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ వయసులో నా విద్యార్థుల కంటే చిన్నది. నా రెండు చేతులూ కిటికీ వెలుగులో పెట్టి చూసింది. తర్వాత సిరంజితో ఒక నీటి చుక్కను నా కుడి బొటనవేలి గోటి మీద వేసింది. ఆ చుక్క జారలేదు. గుంటలో నిలబడి వణుకుతూ ఉంది. తన గోటి మీద కూడా ఒక చుక్క వేసుకొని చూపించింది, అది వెంటనే పక్కకు జారిపోయింది. దీన్ని చెంచా గోరు అంటారని, ఒంట్లో ఇనుము బాగా తగ్గిపోయినవారిలో ఇలా వస్తుందని చెప్పింది. కనురెప్ప కిందికి లాగి చూసింది, నాలుక చూసింది, నోటి మూలల్లో పగుళ్ళు చూసింది. ఆపైన "సార్, బియ్యం గాని, మట్టి గాని తినాలనిపిస్తుందా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలో నేను దాచుకున్నది ఒక జబ్బు లక్షణమని, దానికి ఒక పేరూ ఒక కారణమూ ఉన్నాయని అప్పుడే తెలిసింది.

ఆమె ఇంకో పరీక్ష కూడా చేసింది. రెండు బొటనవేళ్ళ గోళ్ళను వీపుకు వీపు ఆనించమంది. మామూలు గోళ్ళయితే మొదళ్ళ దగ్గర డైమండ్ ఆకారంలో చిన్న సందు కనిపిస్తుందని, ఊపిరితిత్తుల జబ్బుల్లోనో కొన్ని గుండె జబ్బుల్లోనో వేలి కొస ఉబ్బి ఆ సందు మూసుకుపోతుందని వివరించింది. 1976లో లియో షామ్రోత్ అనే దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు దీన్ని తన సొంత వేళ్ళ మీదే గమనించి రాశాడని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. నా వేళ్ళ మధ్య సందు ఉంది. నా ఎడమచేతి గోటి మీద ఉన్న తెల్ల మచ్చను చూపించి అది కాల్షియం లోపమేనా అని అడిగాను. కాదట, కొన్ని వారాల క్రితం గోటి మొదట్లో తగిలిన చిన్న దెబ్బ అలా పైకి వస్తుందట. కొంగల బారు పోతుంటే చేతులు ఊపితే గోళ్ళ మీద తెల్ల పూలు పూస్తాయని చిన్నప్పుడు మేము నమ్మేవాళ్ళం. కాల్షియం మాటకు కూడా అంతకంటే బలమైన ఆధారం లేదన్నమాట.

అక్కడే రక్తం తీసి తెలంగాణ డయాగ్నోస్టిక్స్ కింద జిల్లా కేంద్రానికి పంపారు, డబ్బు తీసుకోలేదు. జూన్ 13న రిపోర్టు చేతికి వచ్చింది. హిమోగ్లోబిన్ 7.4. మగవారికి 13 అయినా ఉండాలి. ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం 61 అని ఉంది, 80కి తగ్గకూడదు. ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు పద్నాలుగు శాతం ఉన్నాయి. ఆ అంకె కింద డాక్టరమ్మ పెన్నుతో గీత గీసింది, కాని అప్పుడు ఏమీ చెప్పలేదు. ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తూ ఆమె అన్న మాటలను ఇలాంటి రిపోర్టు చేతికందిన ప్రతి ఒక్కరూ వినాలని నా కోరిక: "మాత్రలు వేసుకుంటే రక్తం పెరుగుతుంది సార్. కాని మీ వయసు మగవారిలో ఇంత రక్తం ఊరికే తగ్గదు, లోపల ఎక్కడో పోతోంది. ఎక్కడ పోతోందో తేలే వరకు ఆగవద్దు."

ఆ మాట విన్న తర్వాత కొన్ని రాత్రులు నిద్ర లేదు. నాతో పాటు పనిచేసిన ఉపాధ్యాయుడొకరు పెద్దపేగు క్యాన్సరుతో పోయారు. ఆయనకు కూడా మొదట కనిపించింది రక్తం తగ్గడమే. ఇంట్లో "రక్తం తక్కువుందట" అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. నా భార్య ఆ రోజు నుంచే బెల్లం, మునగాకు, బీట్‌రూట్ మొదలుపెట్టింది. ఐరన్ మాత్రలు వేసుకున్న మూడో రోజు నుంచి మలం నల్లగా రావడంతో రక్తమే పోతోందని భయపడి ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాను. ఐరన్ వేసుకుంటే అలాగే వస్తుందని అక్కడి నర్సు చెప్పింది. ఇది మాత్రలు ఇచ్చేటప్పుడే చెప్పవలసిన విషయం.

జూన్ 20న హనుమకొండలోని ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాను. ఫీజు ఐదు వందలు. ఆయన రాసిన పరీక్షల్లో ముఖ్యమైనది ఫెరిటిన్, ఒంట్లో నిల్వ ఉన్న ఇనుమును చెప్పే పరీక్ష. ఏడు వందల యాభై రూపాయలయింది, మరునాడు సాయంత్రం ఫలితం వచ్చింది: 5. పదిహేనుకు తగ్గితే నిల్వలు అడుగంటినట్లేనట. మల పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆ నమూనాను నేను తెల్లవారుజామున ఇంటి దగ్గర డబ్బాలో పట్టుకొని, బస్సులో హనుమకొండ చేరి, ల్యాబు తెరిచే వరకు ఆగి ఇచ్చాను. అంత ఆలస్యమైన నమూనాలో కొన్ని రకాల పురుగుల గుడ్లు చెడిపోయి కనిపించకుండా పోవచ్చని, ఒక్క నమూనాలో లేనంత మాత్రాన లేవని చెప్పలేమని ఆ తర్వాత నెలకు గాని నాకు తెలియలేదు. ల్యాబు దగ్గరే ఇచ్చే వీలుంటే అక్కడే ఇవ్వడం మంచిది, లేకపోతే వేర్వేరు రోజుల నమూనాలు చూడమని అడగాలి.

ఫిజీషియన్ నన్ను జీర్ణకోశ నిపుణుడి దగ్గరికి పంపారు. ఆయన వారంలో కొన్ని రోజులే ఆ ఆసుపత్రికి వస్తారు కనుక జూలై 4న చూపించుకోగలిగాను. గొంతులోంచి ఎండోస్కోపీ, కింది నుంచి కొలనోస్కోపీ రెండూ ఒకే రోజు చేస్తామని జూలై 19న రమ్మన్నారు. పదిహేను రోజుల ఎదురుచూపు. పొలంలో నారు మడి సిద్ధం చేయవలసిన సమయం అది. పని చేస్తే ఆయాసం, చేయకపోతే ఆలోచనలు. కౌంటరు దగ్గరి అమ్మాయి తేదీ రాస్తూ "ఐరన్ గోలీలు వాడుతున్నారా? వారం ముందు ఆపాలి" అన్నది. ఐరన్ వల్ల పేగు గోడలకు నల్లని మడ్డి పట్టి కెమెరాకు ఏమీ కనిపించదట. డాక్టరు చీటీలో ఆ మాట లేదు. ఆ అమ్మాయి అడగకపోయి ఉంటే నా పరీక్ష ఇంకో వారం వెనక్కి పోయేది.

జూలై 18న ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం నుంచి కొబ్బరి నీళ్ళు, మజ్జిగ తేట మాత్రమే. సాయంత్రం ఆరింటికి పౌడరు కలిపిన రెండు లీటర్ల నీళ్ళు పావుగంటకొక గ్లాసు చొప్పున తాగాలి. ఉప్పగా, జిగటగా, నిమ్మ వాసనతో ఉంటుంది. చల్లగా ఉంటే కొంత నయం. అర్ధరాత్రి దాటే వరకు మరుగుదొడ్డికి తిరుగుతూనే ఉన్నాను. హిమోగ్లోబిన్ తక్కువ ఉన్న మనిషికి ఆ రాత్రి కళ్ళు తిరుగుతాయి, ఇంట్లో ఒకరు మెలకువగా ఉండి తీరాలి. ఊరి నుంచి ఆ స్థితిలో బస్సెక్కడం కుదరదని ముందే గ్రహించి, హనుమకొండలో ఉండే మా అబ్బాయి ఇంట్లో ఆ రాత్రి ఉన్నాను.

మరునాడు ఉదయం ఎనిమిదింటికి ఆసుపత్రిలో చేరాను. ఆషాఢం కావడంతో వరుసలో ఉన్న ఆడవాళ్ళ చేతులకు గోరింటాకు ముదురుగా పండి ఉంది. వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు గోరు గుండా వెలుతురు పంపి చూస్తుంది కనుక, రంగు అడ్డం వస్తే అంకె తప్పు చూపవచ్చని నర్సు ఒకామెకు గోటి రంగు తుడిపించింది, గోరింటాకు పెట్టుకున్న మరొకామెకు చెవి తమ్మెకు తగిలించింది. నా వంతు పదిన్నరకు వచ్చింది. గొంతులో మొద్దుబారే మందు చల్లారు, చేదుగా ఉండి మింగుడు పడనట్లు అనిపించింది. "బాపూ, కదలకు, ముక్కుతో గాలి పీల్చు" అంటూ నర్సు నా భుజం పట్టుకుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకున్న నాకు తెర సూటిగా కనిపిస్తోంది.

జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదటి భాగంలోకి వెళ్ళగానే డాక్టరు చేయి ఆగింది. గులాబి రంగు పేగు గోడకు సన్నని దారపు ముక్క ఒకటి అతుక్కొని ఉంది. సెంటీమీటరు పొడవు ఉంటుందేమో. అది మెల్లగా మెలిక తిరిగింది. దాని పక్కన ఇంకొకటి, మడత వెనక మరికొన్ని. అవి అతుక్కున్న చోట ఎర్రని చుక్కలు ఉన్నాయి. నోట్లో గొట్టం ఉండటం వల్ల నేను ఏమీ అడగలేకపోయాను. డాక్టరు చిన్న పట్టకారుతో ఒకదాన్ని లాగి సీసాలో వేయించారు. గొట్టం తీసిన తర్వాత ఆ సీసాను నా కళ్ళ ముందు పెట్టి, "కొంకి పురుగులు. మీ రక్తం తాగుతున్నది ఇవే" అన్నారు. ఒక్కో పురుగు రోజుకు మిల్లీలీటరులో ఐదో వంతు వరకు రక్తం తాగగలదట. పదుల సంఖ్యలో చేరి నెలల తరబడి అలా తాగితే ఇనుము నిల్వలు ఎలా ఖాళీ అవుతాయో లెక్క వేసుకోవచ్చు. డాక్టరమ్మ గీత గీసిన ఇయోసినోఫిల్స్ కూడా పేగుల్లో పురుగులు ఉన్నప్పుడు పెరుగుతాయని ఆయన చెప్పారు.

పురుగులు దొరికాయి కదా, ఇక రెండో పరీక్ష ఎందుకని మా అబ్బాయి అడిగాడు. "అరవై దాటిన మనిషికి ఒక కారణం దొరికిందని రెండోది లేదనుకోవద్దు" అని డాక్టరు మత్తు ఇచ్చి కొలనోస్కోపీ కూడా చేశారు. లేచేసరికి అయిపోయింది. కొద్దిగా మొలలు తప్ప పెద్దపేగులో ఏమీ లేదు. ఆ మాట విన్నప్పుడు నాకు, మా అబ్బాయికి కలిగిన నెమ్మదిని ఏ డబ్బుతోనూ కొలవలేము. ఆయన చేసిన పని సరైనదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. రెండు పరీక్షలకు ఎనిమిదిన్నర వేలు, మత్తుకు పదిహేను వందలు, పేగు ముక్క పరీక్షకు మరో పదిహేను వందలు అయ్యాయి. నాకున్న వైద్య బీమా వీటికి వర్తించదని కౌంటరులో చెప్పారు. ముక్క పరీక్ష ఫలితం వారానికి వచ్చింది, భయపడవలసిందేమీ లేదు.

ఈ పురుగు నోటి ద్వారా వచ్చినది కాకపోవచ్చు. మలం కలిసిన తడి మట్టిలో దీని పిల్లలు ఉంటాయి. చెప్పులు లేకుండా నడిచినప్పుడు కాలివేళ్ళ సందుల్లోంచి చర్మంలోకి దూరి, రక్తంలో ఊపిరితిత్తులకు చేరి, అక్కడి నుంచి గొంతుకు పాకి, మింగినప్పుడు పేగులోకి దిగుతాయి. మా కూరగాయల మడి కాలువ కట్టను ఆనుకొని ఉంది. మరుగుదొడ్లు కట్టుకున్న ఇళ్ళ వాళ్ళు కూడా పొలం పనిలో ఉన్నప్పుడు ఆ కట్ట వెనక్కే పోతారు. బురదలో చెప్పులతో నడవలేము కనుక మేమందరం వట్టి కాళ్ళతోనే దిగుతాము. కిందటి ఏడాది వానాకాలంలో కాలివేళ్ళ మధ్య వచ్చిన దురద దద్దుర్లు నాకు అప్పుడు గుర్తుకొచ్చాయి.

మందు ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు. నాకు మూడు రోజులు వరుసగా వేసుకోమని, రెండు వారాల తర్వాత మళ్ళీ ఒకసారి వేసుకోమని రాశారు. ఒక్కో మాత్ర పది రూపాయల లోపే. బడిలో ఉన్నన్నాళ్ళూ నులిపురుగుల నిర్మూలన దినం నాడు పిల్లలచేత ఈ మాత్రనే దగ్గరుండి నమిలించాను. ఆ కార్యక్రమం ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు వారికే. మడిలో దిగే పెద్దవారికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఇనుము నిల్వలు అడుగంటాయి కనుక మాత్రలతో పాటు ఒకసారి సెలైన్‌లో ఎక్కిద్దామన్నారు. జూలై 25న ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ వెయ్యి మిల్లీగ్రాములు ఎక్కించారు. ముదురు కాఫీ రంగు ద్రవం. ఎక్కడానికి ఇరవై నిమిషాలు, ఆ తర్వాత అరగంట కూర్చోబెట్టి గమనించారు. చర్మం కిందికి కారితే నెలల తరబడి మరక నిలుస్తుందని, సూది దగ్గర మంట పుడితే వెంటనే చెప్పమని నర్సు హెచ్చరించింది. మందుకు, గదికి కలిపి దాదాపు ఐదు వేలు. అన్నీ కలిపి చూస్తే రెండు నెలల్లో ఇరవై వేలు దాటింది.

అన్నిటికంటే ముందు పోయింది బియ్యం యావ. ఆగస్టు మొదటి వారం నాటికి బియ్యం డబ్బా వైపు మనసు పోలేదు. అప్పటికి ఆయాసం ఇంకా పూర్తిగా తగ్గనే లేదు. సెప్టెంబరు 2న రమ్మన్నారు గాని, ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో మన జిల్లాలను ముంచెత్తిన వానలకు దారులు తెగి, ఆ వారమంతా కదలలేకపోయాను. సెప్టెంబరు 9న చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ 10.8కి వచ్చింది. ఐరన్ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. అలా వేసుకుంటే ఒంటికి బాగా పడుతుందట. పరగడుపున నిమ్మరసంతో వేసుకొని, టీ మాత్రం రెండు గంటలు ఆగి తాగాలి. లేవగానే టీ తాగే అలవాటున్న నాకు మందులన్నిటిలో కష్టమైనది ఇదే. నవంబరు మొదటి వారానికి హిమోగ్లోబిన్ 13.1, ఫెరిటిన్ 70 దాటాయి.

గోళ్ళు మాత్రం వాటి వేగంతోనే మారాయి. చేతి గోరు నెలకు మూడు మిల్లీమీటర్ల వరకే పెరుగుతుంది. ఆగస్టు చివర్లో బొటనవేలి గోటి మొదట్లో బియ్యపు గింజ వెడల్పున కొత్త గోరు కనిపించింది. అది చదునుగా, నునుపుగా, ఎర్రదనంతో ఉంది. దాని పైన పాత గోరు గుంటగానే ఉంది. వేలిని పక్కకు వంచి వెలుగులో చూస్తే రెండిటి మధ్య సన్నని మెట్టు తెలిసేది. ఆ మెట్టు దసరాకు గోటి నడుమకు వచ్చింది, సంక్రాంతికి ముందు కత్తిరింపులో పోయింది. రక్తం బాగుపడిన రెండు నెలలకు కూడా గోళ్ళు వికారంగానే ఉంటాయని తెలియక మందు పనిచేయలేదని మానేసేవారు ఉంటారు. పైభాగం చూడకూడదు, మొదలు చూడాలి.

2025 జనవరి 20న డాక్టరు ఐరన్ ఆపి, ఏడాది పాటు మూడు నెలలకొకసారి రక్త పరీక్ష చేయించమన్నారు. వరంగల్‌లో మూడు వందల యాభై రూపాయలకు మోకాళ్ళ వరకు వచ్చే రబ్బరు బూట్లు కొన్నాను. వరి మడిలో అవి కూరుకుపోతాయి గాని కూరగాయల మడికి బాగా పనికివస్తున్నాయి. మా ఇంట్లో వాళ్ళం అందరం ఆల్బెండజోల్ వేసుకున్నాము. నాతో పాటు అదే బురదలో కలుపు తీసే ఆడవాళ్ళ చేతులు చూశాను. వారిలో ఇద్దరి గోళ్ళు అప్పట్లో నావి ఉన్నట్లే గుంటలు పడి ఉన్నాయి. ఎప్పుడు నీరసమని చెప్పినా నెలసరి వల్లేనని చెప్పి టానిక్ ఇచ్చి పంపేవారట. ఇద్దరినీ ఫిబ్రవరి మొదటి వారంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. ఒకామెకు హిమోగ్లోబిన్ 8.2, రెండో ఆమెకు 9. అక్కడికక్కడే ఇచ్చిన మల నమూనాలో మొదటి ఆమెకు కొంకి పురుగు గుడ్లు కనిపించాయి. రెండో ఆమెకు ఏమీ కనిపించలేదు. ఆమెను కడుపు స్కానింగ్ కోసం వరంగల్ పంపుతూ డాక్టరమ్మ చీటీ రాసి ఇచ్చింది. కూలి పోతుందని ఆమె వెనకాడింది. ఆ రోజు కూలి నేను ఇస్తానని, వెంట నా భార్య వస్తుందని చెప్పి ఒప్పించాము.